చదివిపెట్టే మనిషి

"లేవండి అత్తయ్యా. పాలు పొంగుతాయి."

"పొంగనీ."

"స్టవ్ కట్టెయ్యాలి."

"దూకి వెళ్ళు. దూకడం నీకు కొత్తా? నా నెత్తి మీంచి దూకి ఆడిషన్‌కే వెళ్ళొచ్చినదానివి."

అత్తగారు తన మేకప్ పెట్టెను వంటగది గుమ్మానికి అడ్డంగా లాగి, దానిమీద మఠం వేసుకుని కూర్చుంది. ఒక పక్క నొక్కుకుపోయిన రేకు పెట్టె అది. దాన్ని ఆ ఇంట్లో ఎవరూ ముట్టుకోరు, ఆవిడ కూడా పని దొరికిన రోజునే తెరుస్తుంది.

కోడలు దూకలేదు. పెట్టెకీ గోడకీ మధ్య ఉన్న జానెడు సందులో కాలు పెట్టి, ఒంగి, చెయ్యి చాపి స్టవ్ కట్టేసింది. అప్పటికే సగం పాలు కింద ఉన్నాయి.

మధ్యాహ్నం విగ్గులావిడ వచ్చి వెళ్ళినప్పటి నుంచీ ఇదే వరస. పాత విగ్గు బాగుచేసి తెచ్చిన మనిషి, ఇచ్చి తన దారిన తాను పోవచ్చు. పోలేదు. మంచినీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, "మీ కోడలికి అమ్మ వేషం రెండో రౌండు దాకా వచ్చిందటగా, మరి మీరు వెళ్ళలేదేం మైకమ్మగారూ?" అని అడిగి పోయింది.

మైకమ్మ అంటే అత్తగారే. నాటకాల రోజుల్లో ఒకసారి మైకు చెడిపోతే, ఆవిడ గొంతు ఆఖరి వరస దాకా వినబడిందట. ఆ పేరు అలా నిలిచిపోయింది. ఇప్పుడు అరవయ్యొకటో ఏడు. ఇరవై ఏళ్ళుగా తెర మీద అమ్మ వేషాలే వేస్తోంది.

"ఫోను ఎవరికొచ్చింది?" అంది అత్తగారు.

"నాకే."

"నా పని తాలూకు ఫోన్లన్నీ నీకే వస్తాయి. ఎవరి చేతికొచ్చిందని కాదు అడిగేది. ఎవరి కోసం వచ్చిందని."

కోడలు గుడ్డ తెచ్చి పాలు తుడవడం మొదలుపెట్టింది.

"చెప్పవు. నాలుగు రోజులు నా కంచంలో వడ్డించావు, నా మాత్రలు అందించావు, నోరు మాత్రం విప్పలేదు. గురువారం నాడు ఎక్కడికెళ్ళావంటే పళ్ళ డాక్టరు దగ్గరికన్నావు. నా ఎదురుగా నిలబడి పన్ను పట్టుకుని మరీ చెప్పావు. బాగా చేశావు. నేర్పింది నేనేగా."

తలుపు చప్పుడైంది. కొడుకు వచ్చాడు. అతను లిఫ్టు మెకానిక్. భుజం మీది పనిముట్ల సంచి దించకుండానే వంటగది వైపు ఒకసారి చూశాడు. గుమ్మంలో తల్లి వీపు, అవతల భార్య తల కనిపించాయి. బూట్లు విప్పుతున్నవాడు ఆగి, మళ్ళీ లేసులు కట్టుకోబోయాడు.

"ఎక్కడికిరా?"

"టీ తాగొస్తాను."

"కూర్చో. నీ ఇంట్లో పంచాయితీ అవుతుంటే నువ్వు బయట టీ తాగుతావా?"

"అమ్మా, లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళని పొద్దుటి నుంచీ బయటికి లాగుతూనే ఉన్నాను. ఇంటికొస్తే నేనే ఇరుక్కుంటున్నాను."

ఎవరూ నవ్వలేదు. అతను కూర్చున్నాడు.

*

కోడలి వయసు ముప్పైనాలుగు. ఆమె పుట్టింట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆమే. ఆ చదువుకి తగ్గ ఉద్యోగం రెండేళ్ళు చేసి, మానేసి, ఈ పనిలోకి వచ్చింది. వచ్చింది అత్తగారి వెనకే. కెమెరా ముందు రెప్ప ఎప్పుడు వాల్చాలో, నడుస్తూ నడుస్తూ కింద గీసిన గుర్తు మీద చూడకుండా ఎలా ఆగాలో ఆవిడే నేర్పింది.

ఇప్పటికి ఎన్ని ఆడిషన్లో ఆమె లెక్క పెట్టడం మానేసింది. నర్సు వేషం మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ "డాక్టరుగారు వస్తున్నారు" అన్నదే మాట. ఒక సీరియల్లో హీరోయిన్ స్నేహితురాలు. పదకొండో భాగంలో హీరోయిన్ ఊరు మారిపోతే స్నేహితురాలి అవసరం తీరిపోయింది. ఒక సబ్బు ప్రకటనలో ఆమె చేతులు బస్సుల మీద ఆరు నెలలు తిరిగాయి. ఆ చేతులు తనవేనంటే పక్కింటివాళ్ళు కూడా నమ్మలేదు. ఒక సినిమాలో నిజంగానే మంచి సీను దొరికింది. ఇంటిల్లిపాదీ చూడటానికి వెళ్ళారు. సీను లేదు, కత్తిరించేశారు. ఆ రోజు హాలు బయట అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని, "నాకు ఇలా నాలుగుసార్లు అయింది. ఐదోసారి ఉంచారు" అంది.

ఆ చెయ్యి ఆమెకు బాగా గుర్తుంది. గుర్తుండటమే ఇప్పుడు కష్టంగా ఉంది.

"చెప్పు," అంది అత్తగారు మళ్ళీ. "నన్ను రమ్మని ఫోను చేస్తే నువ్వు వెళ్ళావు. అంతేనా కాదా?"

"కాదు."

"మరి?"

"మిమ్మల్ని రమ్మనలేదు అత్తయ్యా."

"డైలాగుల పేజీ పంపారుగా."

"పంపారు. పంపాక అతనే మళ్ళీ ఫోను చేశాడు."

అతను అంటే కో-ఆర్డినేటర్. ఏ సినిమాకి ఎవరిని పిలవాలో చూసేవాడు.

"చేసి?"

కోడలు గుడ్డ పిండింది. పిండిన గుడ్డనే మళ్ళీ పిండింది. భర్త వైపు చూసింది. అతను తన బూట్ల వైపు చూస్తున్నాడు.

"చెప్పమంటున్నారు కాబట్టి చెప్తున్నాను. 'మైకమ్మగారు వద్దులెండి. ఆవిడకి డైలాగు నిలవడం లేదు, వయసు మీద పడింది. రెండుసార్లు పేజీ చేతికిచ్చి చూశాను, నాలుగు మాటలు సొంతంగా కల్పించి చెప్పేశారు. మీరే రండి, కాస్త తెలుపు పూసుకుంటే సరిపోతారు' అన్నాడు. ఇంకా అడుగుతారా?"

వంటగదిలో కుళాయి చుక్క పడుతున్న చప్పుడు వినిపించింది.

అత్తగారి మొహంలో కోపం పోయింది. కోపం ఉన్నప్పుడే నయమనిపించింది కోడలికి.

"నువ్వేమన్నావు?" అంది చివరికి. గొంతు చాలా చిన్నగా ఉంది.

"ఏమనాలి?"

"నేనడుగుతున్నది అదే. 'ఆవిడకి మరుపు రాలేదండీ' అనలేదా?"

కోడలు మళ్ళీ నేల తుడవడం మొదలుపెట్టింది.

అత్తగారికి చదవడం రాదు.

ఆ సంగతి తెలిసినవాళ్ళు ఈ లోకంలో ఇప్పుడు ముగ్గురే, ఆ ముగ్గురూ ఆ ఇంట్లోనే ఉన్నారు. తొమ్మిదేళ్ళ వయసులో నాటకాల బృందంలో చేరిన పిల్లకి బడి ఎక్కడిది? విని నేర్చుకుంది. మావగారు బతికి ఉన్నన్నాళ్ళూ ఆయన చదివిపెట్టేవారు. ఆయన పోయిన ఈ ఎనిమిదేళ్ళుగా కోడలు చదువుతోంది. పద్ధతి ఒకటే. మూడుసార్లు చదవాలి. రాగం పెట్టకూడదు, ఏడవకూడదు, నవ్వకూడదు, ఎత్తూ పల్లం లేకుండా మాటలు మాత్రం ఇవ్వాలి. ఆవిడ బొత్తాలు కుట్టుకుంటూనో దుప్పట్లు మడతపెట్టుకుంటూనో వింటుంది. నాలుగోసారి ఆవిడే చెప్తుంది. ఎనిమిదేళ్ళలో ఒక్క మాట తప్పలేదు.

పేజీలు ఒక రోజు ముందు ఇంటికి వచ్చినన్నాళ్ళూ ఇబ్బంది లేదు. ఏడాదిగా ఆఫీసుల్లో కొత్త పద్ధతి పట్టుకున్నారు. ఒక్కోసారి అక్కడికక్కడే పేజీ చేతిలో పెట్టి, ఐదు నిమిషాల్లో చెయ్యమంటారు. ఆ రెండుసార్లూ జరిగింది అదే. ఆవిడ పక్కవాళ్ళు గొణుక్కునేది విని కొంత పట్టుకుని, మిగతాది కల్పించి చెప్పింది. అతను దానికి మరుపని పేరు పెట్టాడు.

ఒక్క వాక్యం చాలు, 'ఆవిడకి చదివి వినిపించండి' అని. కోడలు ఆ వాక్యం అనలేదు. "సరేనండీ, ఎన్నింటికి రమ్మంటారు?" అంది.

"మీరే కదా ఎవరికీ చెప్పొద్దన్నారు," అంది కోడలు. "ఒట్టు వేయించుకున్నారు."

"చదువు రాదని చెప్పొద్దన్నాను. మతి పోయిందంటే ఊ కొట్టమన్నానా?"

"నేను ఊ కొట్టలేదు."

"కాదన్నావా?"

"అమ్మా, పోనీలే..." అన్నాడు కొడుకు.

"నువ్వు నోరు ముయ్యి. పోనీలే అనడానికి నీదేం పోయింది? నలభై ఏళ్ళు నేను తెచ్చుకున్న పేరు అది. ఆవిడకి ఒక్కసారి చెప్తే చాలు, రాయి మీద గీత అనేవాళ్ళు. ఆ పేరు మీద బురద పడుతుంటే నీ పెళ్ళాం చూస్తూ నిలబడి, పక్కనుంచి తన చెప్పులేసుకుని వెళ్ళింది."

"నాకు ముప్పైనాలుగు అత్తయ్యా," అంది కోడలు. "అమ్మ వేషానికి రమ్మంటే సంతోషంగా వెళ్ళాననుకుంటున్నారా? ఒకసారి అమ్మ వేసినవాళ్ళని మళ్ళీ అక్క వేషానికి కూడా పిలవరు. తెలిసీ వెళ్ళాను. ఎందుకంటే నన్ను పేరు పెట్టి ఇంకెవరూ పిలవడం లేదు."

"నన్ను పిలిచారు. నువ్వు తీసేశావు."

"నేను తీసెయ్యలేదు. అతను తీసేశాడు."

"అతను తీసేస్తే నువ్వు తలుపేశావు. పైన గడియ కూడా పెట్టావు."

కోడలు గుడ్డను సింకులోకి విసిరింది. అది సరిగ్గా పడక, అంచు మీద వేలాడింది.

*

అత్తగారు పెట్టె మీంచి లేవలేదు. కాసేపటికి ఆవిడే అంది: "ఆ పేజీ తే."

"ఏ పేజీ?"

"అమ్మ వేషం పేజీ. రేపు పదిన్నరకి రెండో రౌండుకి నన్నూ రమ్మన్నాడు."

కొడుకూ కోడలూ ఒకేసారి తలెత్తారు.

"విగ్గులావిడ ఫోనులోంచి నేనే మాట్లాడాను. 'ఏం బాబూ, మైకమ్మ చచ్చిపోయిందని ఎవరైనా చెప్పారా' అని అడిగాను. నీళ్ళు నమిలాడు. నలభై ఏళ్ళుగా వేషాలేస్తున్న మనిషిని గుమ్మంలోంచి పొమ్మనలేక, రండి అన్నాడు. తే."

"నేను కూడా అదే పేజీ చెయ్యబోతున్నాను అత్తయ్యా."

"తెలుసు. చదువు."

"ఆయనతో చదివించుకోండి."

"వాడా? వాడు చదివితే లిఫ్టు అంతస్తుకీ అంతస్తుకీ మధ్యలో ఆగినట్టు ఆగుతాడు. వాడికి చుక్కెక్కడో తెలీదు, ఊపిరెక్కడో తెలీదు. నువ్వే చదువు. వాడు నీ వెనక నిలబడి కాగితంలోకి చూస్తాడు. ఒక్క మాట మింగినా నాకు చెప్తాడు."

"నేను మింగుతానా?"

"గురువారం దాకా నేనూ అలాగే అనుకున్నాను."

కోడలు లోపలికి వెళ్ళి పేజీ తెచ్చింది. దాని మీద ఎర్ర పెన్సిలుతో ఆమె గీసుకున్న గుర్తులున్నాయి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ చూపు తిప్పాలో. భర్త వెనక నిలబడ్డాడు. అతని చూపుడు వేలు ఆమె భుజం మీదుగా వచ్చి మొదటి లైను కింద ఆగింది. ఆ వేలికి గ్రీజు వాసన వస్తోంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో మొగుడు తన మీద కాపలా నిలబడటం ఇదే మొదటిసారి అనుకుంది.

సీను చిన్నదే. ఒక తల్లి ఎదిగిన కొడుకుని ఇంట్లోంచి వెళ్ళిపొమ్మంటుంది. మొత్తం పదకొండు లైన్లు.

కోడలు చదివింది. నాలుగు లైన్లు బాగానే వచ్చాయి. ఐదో లైను దగ్గర, గురువారం నాడు తను చేసిన విరుపు తనకు తెలియకుండానే గొంతులోకి వచ్చేసింది.

"ఆగు," అంది అత్తగారు. దుప్పటి మడత ఆపలేదు. "అది నీది. నీది నువ్వు దాచుకో. నాకు మాటలివ్వు."

మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఈసారి ఎనిమిదో లైను నుంచి పదో లైనుకి వెళ్ళిపోయింది.

వేలు కదల్లేదు. తొమ్మిదో లైను కిందే ఉండిపోయింది.

"ఒకటి వదిలేశావు," అన్నాడు భర్త మెల్లగా.

"చూసుకోలేదు."

"చూసుకోలేదట," అంది అత్తగారు దుప్పటితో.

కోడలు తొమ్మిదో లైను చదివింది. కావాలని వదిలిందో పొరపాటున వదిలిందో, ప్రమాణం చెయ్యమంటే ఆమె కూడా చెయ్యలేదు. భర్త మాత్రం ఆ తర్వాత వేలు తీసేసి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. మూడోసారి అయ్యేసరికి అత్తగారు దుప్పట్లన్నీ మడిచేసింది. నాలుగోసారి తనే చెప్పింది, పదకొండు లైన్లూ. కోడలి చేతిలోని పేజీకీ ఆవిడ మాటకీ మధ్య ఒక్క తేడా లేదు.

"మతి పోయిందట," అని లేచి, పెట్టె పక్కకి లాక్కుంది. "వంట చేసుకో."

*

పొద్దున ఒకే అద్దం ముందు ఇద్దరూ నిలబడాల్సి వచ్చింది. ఆ ఇంట్లో నిలువుటద్దం ఒకటే.

వేషం వయసు నలభై ఎనిమిది. అత్తగారు చెవుల పక్క వెంట్రుకలకి నలుపు వేసుకుంటోంది. కోడలు అదే చోట తెల్ల పౌడరు అద్దుకుంటోంది. ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతోంది. ఇద్దరూ జరగలేదు.

"చెవి మీద ఎక్కువైంది," అంది అత్తగారు అద్దంలోకే చూస్తూ. "ముసలిదానిలా కాదు, బూజు పట్టినదానిలా ఉన్నావు."

"మీకు మెడ మీద కారింది."

బస్సులో ఆవిడ ముందు కూర్చుంది, ఈమె వెనక నిలబడింది.

ఆఫీసు ఒక కుర్చీల దుకాణం పైన, మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచెయ్యడం లేదు. రెండో మలుపు దగ్గర అత్తగారు మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఆగింది. కోడలు చెయ్యి సాయం ఇవ్వబోతే, ఆ చెయ్యి అక్కడ లేనట్టే పైకి చూసి, మళ్ళీ ఎక్కింది.

వరండాలో గోడవారగా ప్లాస్టిక్ కుర్చీల్లో ఆరుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అందరివీ వెలిసిన రంగు బట్టలే, అందరి చెవుల పక్కనా తెలుపే. అందరి పెదవులూ చప్పుడు లేకుండా కదులుతున్నాయి, ఒకే సీను, ఒకే కొడుకుని ఆరు ఇళ్ళలోంచి వెళ్ళగొడుతున్నారు.

కో-ఆర్డినేటర్ వచ్చి గుండె మీద అతికించుకోమని నంబర్లు ఇచ్చాడు. అత్తగారికి ఏడు, కోడలికి ఎనిమిది.

"మైకమ్మగారూ, ఆరోగ్యం ఎలా ఉంది?" అన్నాడు, ఆసుపత్రిలో పడుకున్నవాళ్ళని అడిగినట్టు.

"నీకంటే బాగుంది నాయనా. నీకు కళ్ళ కింద నల్లబడింది, చూపించుకో."

అతను నవ్వేశాడు. తర్వాత చేతిలోని కట్ట విప్పాడు.

"అందరూ ఒక్క నిమిషం. పాత సీను వద్దంటున్నారు డైరెక్టరుగారు. కొత్త పేజీ. ఎవరి వంతుకి ఐదు నిమిషాల ముందు వాళ్ళకి ఇస్తాను. దయచేసి పైకి చదవొద్దు, లోపల రికార్డింగు అవుతోంది."

కోడలు అత్తగారి వైపు చూడలేదు. చూడకుండానే ఆవిడ వీపు నిటారు కావడం తెలిసింది.

ఒక్కొక్కరూ లోపలికి వెళ్ళి బయటికొచ్చారు. ఒకావిడ ఏడుస్తూ వచ్చి, సంచి తీసుకుని, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగిపోయింది. ఆరో నంబరు లోపలికి వెళ్ళగానే అతను ఏడుకీ ఎనిమిదికీ కలిపి పేజీలు ఇచ్చేశాడు.

అత్తగారు పేజీ అందుకుంది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుంది. చదవడం మొదలుపెట్టింది.

చదువుతున్నట్టు నటించడం మొదలుపెట్టిందనాలి. కోడలు ఎనిమిదేళ్ళలో ఇంత దగ్గర నుంచి అది చూడలేదు. ఆవిడ కళ్ళు ఎడమ నుంచి కుడికి సరైన వేగంతో కదులుతున్నాయి. లైను చివర ఆగి, కిందికి దిగుతున్నాయి. మధ్యలో ఒకచోట వెనక్కి వెళ్ళాయి, అర్థం కాని మాటని మళ్ళీ చూసుకున్నట్టు కనుబొమ్మలు ముడిపడ్డాయి. మూడొంతుల పేజీ దగ్గర చిన్నగా నిట్టూర్చింది కూడా. చూసేవాళ్ళెవరైనా అక్కడ ఏదో దుఃఖపు మాట ఉందనుకుంటారు.

నిజానికి అక్కడ ఉన్నది 'గిన్నెలన్నీ సర్దేశాను' అన్న మాట.

కోడలు తన పేజీ చదువుకుంది. ఒక తల్లి ఫోనులో కూతురితో మాట్లాడుతుంది. ఇల్లు ఖాళీ చేస్తున్నారు, ఆ సంగతి కూతురికి తెలియనివ్వకూడదు. తొమ్మిది లైన్లు. మంచి సీను. చదువుతుండగానే ఎక్కడ నవ్వాలో తెలిసిపోయింది. ఈ సీను తను చెయ్యగలదు. ఇన్నేళ్ళలో మొదటిసారి, ఇది నాది అనిపించింది.

వంగి, అత్తగారి చెవిలో, మూడుసార్లు చదివితే రెండు నిమిషాలు పడుతుంది.

పక్క కుర్చీలోంచి పేజీ మూల గరగరమని చప్పుడైంది. అత్తగారి బొటనవేలు కాగితాన్ని మడిచి, విప్పి, మడుస్తోంది. ఆవిడ అడగదు. కోడలు పెదవులు బిగించుకుని ఆరో లైను మళ్ళీ చదువుకుంది.

"ఏడు," అని పిలిచారు.

అత్తగారు లేచింది. బట్టలు సవరించుకుంది. పేజీని నాలుగు మడతలు పెట్టి, కోడలి ఒళ్ళోకి గిరాటేసి లోపలికి వెళ్ళిపోయింది.

తలుపు మూసుకుంది. కోడలు వినడానికి ప్రయత్నించింది. ఆ గొంతు ఎంత లావు తలుపునైనా దాటి వస్తుంది. ఇప్పుడు ఏమీ రాలేదు. ఏవో మాటలు మామూలు గొంతుతో. తర్వాత నిశ్శబ్దం. తర్వాత ఎవరో ఒకసారి దగ్గారు.

తలుపు తెరుచుకుంది. కో-ఆర్డినేటర్ మొహం ఎర్రగా ఉంది.

"మిమ్మల్ని లోపలికి రమ్మంటున్నారు. ఆ పేజీతో."

"నా వంతు వచ్చిందా?"

"కాదు. ఆవిడ... తనకి చదువు రాదని చెప్పేశారు. చదివిపెట్టే మనిషి బయట కూర్చుందట." అతను గొంతు తగ్గించాడు. "ఏంటండీ ఇది? మీకు తెలుసా?"

ఆమె లేచింది.

*

చిన్న గది. కిటికీలకి నల్లగుడ్డ. మూడు కాళ్ళ మీద కెమెరా, నేల మీద తెల్ల టేపుతో గుర్తు. దాని మీద అత్తగారు నిలబడి ఉంది. డైరెక్టరు ఒక అమ్మాయి, కోడలికంటే చిన్నది, కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది.

"ఈవిడకి చదవడం రాదంటున్నారు. నిజమేనా?"

"నిజమే."

డైరెక్టరు కో-ఆర్డినేటర్ వైపు తిరిగింది. "మీరు నాకు మరుపని చెప్పారు."

"నాకు అలాగే అనిపించింది మేడమ్. ఈవిడకి ఫోన్లో చెప్పినప్పుడు కూడా..." అని కోడలి వైపు చూసి ఆగాడు.

"చెప్పినప్పుడు కూడా?"

కోడలు నోరు తెరిచేలోపు అత్తగారు అందుకుంది.

"మా కోడలు ఏమీ అనలేదమ్మా," అంది నెమ్మదిగా. "ఒక్క మాట కూడా అనలేదు."

గదిలో ఉన్నవాళ్ళకి అది వెనకేసుకొచ్చిన మాట. దాని బరువు తెలిసింది ఒక్కరికే.

డైరెక్టరు కోడలి గుండె మీది అంకె చూసింది. "మీకు నంబరు ఉందే. మీరు చదవడానికి వచ్చారా, చెయ్యడానికి వచ్చారా?"

"చెయ్యడానికే వచ్చింది," అంది అత్తగారు. "ఇదే వేషానికి. ముందు నాకు చదివిపెడుతుంది. నేను చేస్తాను. నేను చేసేది ఇక్కడే కూర్చుని చూస్తుంది. ఆ తర్వాత తను చేస్తుంది. నాకంటే బాగా చేస్తే తనకే ఇవ్వండి. నాకేం బాధ లేదు."

"ఒకరిది ఒకరికి చూపించం అండీ. అలా పద్ధతి లేదు."

"మీ పద్ధతులు ఏడాదికోసారి మారుతున్నాయిగా తల్లీ. ఈ ఒక్క పూటకి ఇంకొకటి మార్చు."

డైరెక్టరు కాళ్ళు కిందికి దించింది. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమెకు ఏదో అర్థమైంది, లేదా అర్థం కాకపోయినా ఆసక్తి పుట్టింది. "మీకు ఇష్టమేనా?" అని కోడలిని అడిగింది. "వద్దంటే చదివి బయటికి వెళ్ళిపోవచ్చు. మీ వంతుకి పిలుస్తాను."

బయటికి వెళ్ళడమే తెలివైన పని. ఆ గొంతు విన్నాక అదే సీను ఎవరు చెయ్యగలరు? అయినా ఇప్పుడు తలుపు తీసుకుని వెళ్ళిపోతే, గురువారం నాడు వెళ్ళినట్టే అవుతుంది.

"ఉంటాను," అంది కోడలు.

మడతలు విప్పి చదివింది. ఎత్తూ లేదు, పల్లం లేదు. ఈసారి వెనక ఎవరి వేలూ లేదు. తొమ్మిది లైన్లు, మూడుసార్లు. ఒక్క మాట వదల్లేదు, తనకు దొరికిన నవ్వుని గొంతులోకి రానివ్వలేదు. అత్తగారు చేతికి పని లేక, తన పైట చెంగుని వేళ్ళకి చుట్టుకుంటూ విన్నది.

"చాలు," అంది.

కోడలు కూర్చోవడానికి చోటు చూసుకుంది. గోడవార ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దాన్ని లాగి కెమెరా పక్కనే, నటించేవాళ్ళ చూపు వచ్చి ఆగే చోట వేసుకుని కూర్చుంది. కో-ఆర్డినేటర్ ఏదో అనబోతే డైరెక్టరు చెయ్యెత్తి ఆపింది.

కెమెరా మీద ఎర్రచుక్క వెలిగింది.

అత్తగారు ఫోను ఎత్తినట్టు చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది. మొహం మారింది. పెదవులు విచ్చుకున్నాయి.

మాట రాలేదు.

ఒక క్షణం. రెండు. కూతురు అవతల ఏదో చెబుతుంటే వింటున్న తల్లిలా ఉంది. డైరెక్టరు మెల్లగా ముందుకి వంగింది. ఆమె వెనక కో-ఆర్డినేటర్ తల అడ్డంగా ఊపి, నేను చెప్పలేదా అన్నట్టు గోడకి చేరగిలబడ్డాడు.

ఐదు క్షణాలు. అత్తగారి చూపు నేరుగా కోడలి మీద ఉంది. ఆ చూపులో వినడం ఉందా, వెతుకులాట ఉందా? ఎనిమిదేళ్ళుగా ఆ మొహాన్ని చదివిన మనిషి, ఇప్పుడు చదవలేకపోయింది. మరిచిపోయి ఉంటే మొదటి మాట అందించాలి. నటిస్తూ ఉంటే, అందించిన మాట ఆ నటనని అక్కడే తుంచేస్తుంది. ఊరుకుంటే వేషం తనది. అందిస్తే ఎవరిదో తెలియదు.

ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది. కోడలు ఊపిరి తీసుకుని, మొదటి మాటకి పెదవులు విప్పింది.